ఫ్రెంచివాడు నేర్చిన ఇంగ్లీషు సామెతలు, మనం మరచిపోతున్న తెలుగు సామెతలు

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. తీరిక దొరికినప్పుడు చదవండి.

రైల్వే ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాళ్ళకు "ఫ్రెంచ్ లీవ్" అనే మాట కొత్త కాదు. సెలవు చీటీ పెట్టకుండా, పై అధికారికి చెప్పకుండా మాయమయ్యేవాణ్ణి గురించి అనే మాట అది. ఇది రైల్వేవాళ్ళు పుట్టించింది కాదు. ఇంగ్లీషులో 18వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉంది. విందుకు పోయి, ఇంటివాళ్ళకు పోయొస్తానని చెప్పకుండా జారుకోవడం ఫ్రెంచివాళ్ళ అలవాటని ఇంగ్లీషువాళ్ళు అలా అన్నారు. ఇందులో తమాషా ఏమంటే, ఫ్రెంచి భాషలో ఇదే పనికి "ఫిలే ఆ లాంగ్లేజ్" అంటారు. అంటే "ఇంగ్లీషువాడి పద్ధతిలో జారుకోవడం" అని. తప్పు ఒకటే. ఇటువాడు అటువాడి మీద వేశాడు, అటువాడు ఇటువాడి మీద వేశాడు.

మనం నవ్వుకోనక్కర్లేదు. తెలుగులో "అరవచాకిరి" అనే మాట ఉంది. తమిళ పొరుగువాళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనకు ఆ మాట నాలుక మీదికి వచ్చినప్పుడు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. పక్కపక్కన బతికే రెండు జాతుల మధ్య భాషలో ఇలాంటివి మిగిలిపోతాయి. సామెతలు, నానుడులు అంటే చదువుకున్నవాళ్ళు అలంకారానికి వాడే మాటలు మాత్రమే అనుకుంటాం. నిజానికి ఎవరు ఎవరి పక్కన బతికారు, ఎవరి దగ్గర ఏమి నేర్చుకున్నారు అన్న చరిత్ర అంతా వాటిలోనే దాగి ఉంది.

ఫ్రెంచి మాతృభాషగా ఉన్నవాడు ఇంగ్లీషు సామెతలు నేర్చుకుంటే ఏమవుతుందో ముందు చూద్దాం. అక్కడి నుంచి మన తిరుత్తణికి వద్దాం. రెండింటికీ సంబంధం ఉంది.

1066లో ఫ్రాన్సులోని నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును జయించాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళదాకా రాజుగారి కొలువులో, కోర్టుల్లో ఫ్రెంచి మాటే నడిచింది. 1362లో వచ్చిన చట్టంతో కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరపాలని నిర్ణయమైంది. జనానికి ఫ్రెంచి అర్థం కావడం లేదన్నదే దానికి కారణం. ఇన్ని వందల ఏళ్ళు రెండు భాషలు ఒకే ఇంట్లో కాపురం చేస్తే సామెతలు అటూ ఇటూ పోకుండా ఉంటాయా? ఇంగ్లండు రాజచిహ్నం మీద ఈనాటికీ ఉన్న వాక్యాలు ఫ్రెంచివే.

దీనికి తోడు లాటిన్ ఉంది. మనకు సంస్కృతం ఎలాగో వాళ్ళకు అది అలాగ. ఎరాస్మస్ అనే పండితుడు 1500లో పారిస్‌లో లాటిన్, గ్రీకు సామెతల పుస్తకం అచ్చు వేయించాడు. మొదట సుమారు 800 సామెతలతో వచ్చిన ఆ పుస్తకం, ఆయన చనిపోయేలోపు నాలుగు వేలు దాటింది. ఐరోపా అంతా ఆ పుస్తకం చదివింది. అందుకే దొర్లే రాయికి నాచు పట్టదన్న సామెత ఫ్రెంచిలోనూ ఉంది, ఇంగ్లీషులోనూ ఉంది. మెరిసేదంతా బంగారం కాదన్నది రెండింటిలోనూ ఉంది, తెలుగులోనూ తమిళంలోనూ కూడా ఉంది. ఇలాంటివి ఎదురైతే ఫ్రెంచివాడికి కష్టం లేదు. తన అవ్వ చెప్పిన మాటే వేరే చొక్కా వేసుకొని వచ్చినట్టు ఉంటుంది.

కష్టం రెండో రకంతో వస్తుంది. గొంతు బొంగురుపోతే ఫ్రెంచివాడు "గొంతులో పిల్లి ఉంది" అంటాడు. ఇంగ్లీషువాడు "గొంతులో కప్ప ఉంది" అంటాడు. జోరుగా వాన పడితే ఫ్రెంచివాడికి ఆకాశం నుంచి తాళ్ళు దిగుతాయి. ఇంగ్లీషువాడికి పిల్లులు, కుక్కలు రాలుతాయి. మనకు కుండ వంచి పోసినట్టు ఉంటుంది. మాటకు మాట మార్చుకుంటూ పోయేవాడికి ఇక్కడ దారి దొరకదు. వాన అన్న అర్థం తెలిస్తే చాలదు. ఆ ఊరివాళ్ళు వానను చూసి ఏమి తలచుకుంటారో తెలియాలి. ఈ చిక్కు తీర్చడానికే కాట్‌గ్రేవ్ అనే ఆయన 1611లో ఫ్రెంచి-ఇంగ్లీషు నిఘంటువు వేసినప్పుడు అందులో ఫ్రెంచి సామెతలు చాలా చేర్చి ఇంగ్లీషులో వివరించాడు. మాటల అర్థం మాత్రం ఇస్తే భాష రాదని నాలుగు వందల ఏళ్ళ కిందటే ఆయనకు తెలుసు.

మరి తెలుగువాళ్ళలో ఫ్రెంచి చదివి ఇంగ్లీషు నేర్చుకోవలసి వచ్చినవాళ్ళు ఉన్నారా? ఉన్నారు. గోదావరి ఒడ్డున కాకినాడ దగ్గర ఉన్న యానాం 18వ శతాబ్దం నుంచి ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. ఇంట్లో తెలుగు, పెద్ద చదువు ఫ్రెంచి, పొలిమేర దాటితే ఇంగ్లీషువాడి రాజ్యం. 1954లో యానాం భారతదేశంలో కలిసింది. 1962లో చట్టప్రకారం బదిలీ పూర్తయింది. ఒప్పందంలో ఫ్రెంచి అధికార భాషగా కొనసాగవచ్చని ఉన్నా, ఆఫీసు పనులు మెల్లమెల్లగా ఇంగ్లీషులోకి మారాయి. ఫ్రెంచిలో చదువుకున్న తెలుగు మనిషి అప్పుడు ఇంగ్లీషు దగ్గరికి రెండు మెట్ల మీదుగా పోవాలి. గొంతులో పిల్లి పోయి కప్ప వచ్చి కూర్చుంటుంది. తెలుగులో ఆ పిల్లీ లేదు, ఆ కప్పా లేదు.

ఇదే పని ఎదురు దిక్కు నుంచి చేసినవాళ్ళూ ఉన్నారు. గాస్తోఁ కూర్దూ అనే ఫ్రెంచి పాదిరీ 1732లో మన దక్షిణాదికి వచ్చి, 1779లో పుదుచ్చేరిలో చనిపోయాడు. ఆయన తెలుగు నేర్చి తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు తయారు చేశాడు. అబే దుబ్వా అనే ఇంకొక పాదిరీ 1792 నుంచి 1823దాకా మన ప్రాంతాల్లో తిరిగాడు. తమిళ, తెలుగు, కన్నడ ప్రతులు దగ్గర పెట్టుకొని పంచతంత్రాన్ని ఫ్రెంచిలోకి మార్చాడు. 1826లో పారిస్‌లో అది అచ్చయింది. మన మిత్రభేదం, మిత్రలాభం కథలు ఫ్రెంచి పిల్లలు చదివే భాషలోకి మన దక్షిణాది ప్రతుల నుంచి కూడా పోయాయన్నమాట.

ఇంగ్లీషువాళ్ళ సంగతికి వస్తే, 1812లో మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల మొదలైంది. కంపెనీ ఉద్యోగానికి వచ్చిన దొర పిల్లలు అక్కడ తెలుగు, తమిళం నేర్చుకోవాలి. 1816లో ఎల్లిస్ దొర తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబం భాషలని ఆధారాలతో రాశాడు. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసుకు వచ్చి ఇక్కడే తెలుగు మొదలుపెట్టాడు. కాల్డ్వెల్ తన ద్రావిడ భాషల వ్యాకరణాన్ని 1856లో వేశాడు. అదే 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు, మన తిరువళ్ళూరు మీదుగా, దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఇవి రెండూ ఒకే ఏడు జరగడం రైల్వే మనిషిని కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

సామెతలకే పెద్ద పుస్తకం వేసినవాడు కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్. మద్రాసు సైన్యంలో అధికారి. 1868లో మద్రాసులో "ఆంధ్ర లోకోక్తి చంద్రిక" అచ్చు వేయించాడు. రెండు వేలకు పైగా తెలుగు సామెతలు, ఒక్కొక్కదానికి ఇంగ్లీషు అనువాదం, కావలసిన చోట వివరణ, ఐరోపాలో దానికి దగ్గరగా ఉండే సామెత దొరికితే అదీ. మరుసటి ఏడాది మహాబలిపురం మీద వచ్చిన వ్యాసాల పుస్తకాన్ని కూర్చిందీ ఈయనే. తమిళానికి పెర్సివల్ పాదిరీ 1842లోనే సామెతల పుస్తకం వేశాడు. 1874లో మళ్ళీ వేసినప్పుడు ఆరు వేలు దాటించాడు. 1897లో డెన్మార్కు నుంచి వచ్చిన జెన్సెన్ పాదిరీ తమిళ సామెతలను విషయాల వారీగా విడదీసి ఇంకొక పుస్తకం ఇచ్చాడు.

వీళ్ళంతా ఎందుకింత శ్రమ పడ్డారు? కోర్టులో సాక్షి "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అయింది దొరా" అంటే, కొండ ఎక్కడ, ఎలుక ఎక్కడ అని అడిగే దొర న్యాయం ఏమి చెప్పగలడు? చర్చిలో బోధించే పాదిరీకి సామెత రాకపోతే ఎదుట కూర్చున్నవాళ్ళకు ఆయన మాట చప్పగా ఉంటుంది.

ఈ కొండ, ఎలుక సామెతనే కొంచెం చూడండి. తమిళంలో కూడా "మలైయై కెల్లి ఎలియై పిడిత్తదు పోల" అంటారు. సరే, పొరుగు భాష. ఫ్రెంచిలో "కొండ పురిటినొప్పులు పడి ఎలుకను కన్నది" అంటారు. రెండు వేల ఏళ్ళ కిందటి లాటిన్ కవి హొరేస్ కాలానికే ఆ పోలిక ఉంది. మనం తవ్వాం, వాళ్ళు కాన్పు చేశారు. కొండా ఎలుకా మాత్రం ఇద్దరికీ ఒకటే. ఇంగ్లీషులో ఇంకో సామెత ఉంది. పందికొక్కు లాంటి చిన్న జంతువు ఎగదోసిన మట్టికుప్పను పర్వతం చేయడం అని. అందులోనూ కొండ ఉంది కదా అని దీనికి జత చేస్తే దెబ్బ తింటాం. అది "గోరంతను కొండంత చేసినట్టు" అన్నదానికి సరిపోతుంది. చిత్రం చూసి జత చేయకూడదు, సందర్భం చూసి జత చేయాలి. సామెతలు నేర్చుకునేవాడికి మొదటి పాఠం ఇదే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండి ఆంధ్రలోకి పోయింది. ఇటు తమిళ పెద్దలు ఉద్యమం చేశారు, అటు మనవాళ్ళు పట్టుబట్టారు. పటాస్కర్ గారు మధ్యవర్తిగా తీర్పు చెప్పారు. 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. బదులుగా ఇటు చెంగల్పట్టు జిల్లా నుంచి కొన్ని ఊళ్ళు ఆంధ్రకు పోయాయి. మనుషులు ఉన్న చోటే ఉన్నారు, గీత జరిగింది. ఇల్లు కదల్చకుండానే రాష్ట్రం మారిన కుటుంబాలు మన సంఘంలో ఎన్నో ఉన్నాయి.

ఆ తర్వాత పుట్టిన మా తరం తమిళ మీడియంలో చదివింది. తమిళం మాకు అన్నం పెట్టింది, అందులో అనుమానం లేదు. తెలుగు అక్షరాలు నాకు బడి నేర్పలేదు. ఉద్యోగం మీద రేణిగుంట లైనులో తిరిగేటప్పుడు స్టేషను బోర్డులు చూసి మొదలుపెట్టాను. తిరుత్తణి, పొన్పాడి దాటితే వెంకటనరసింహరాజువారిపేట వస్తుంది. ఇంగ్లీషులో రాస్తే 28 అక్షరాలు. ఆ ఒక్క పేరు కూడబలుక్కుంటే తెలుగు అక్షరాలు సగం వచ్చినట్టే! కాని సామెతలు నేర్చుకోవడానికి నాకు అక్షరాలు అక్కరలేకపోయింది. అవి ఇంట్లోనే ఉన్నాయి. బడిలో తమిళ వాత్తియార్ "అళుద పిళ్ళైక్కుదాన్ పాల్" అనేవారు. ఏడ్చిన బిడ్డకే పాలు అని. ఇంటికి వస్తే అవ్వ "అడగందే అమ్మయినా పెట్టదు" అనేది. రెండూ ఒకటేనని ఎవరూ చెప్పలేదు. ఆకలి వేసినప్పుడు తెలిసింది.

ఇలాంటి జతలు మన ప్రాంతంలో పుట్టిన ప్రతివాడి తలలోనూ ఉంటాయి. కొన్ని చెబుతాను.

తెలుగులో ఆడలేనివాళ్ళు "మద్దెల ఓడు" అంటారు. తమిళంలో ఆడరానిది "కూడం కోణల్" అంటుందట, కూడం వంకరగా ఉందని. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో చేతకాని పనివాడు పనిముట్టును తిడతాడు. మనవి రెండూ ఆట దగ్గర ఉన్నాయి, వాళ్ళవి కొలిమి దగ్గర ఉన్నాయి.

తెలుగులో దూరపు కొండలు నునుపు. తమిళంలో "ఇక్కరైక్కు అక్కరై పచ్చై", ఇవతలి గట్టుకు అవతలి గట్టు పచ్చన. ఇంగ్లీషులో కంచెకు అవతల గడ్డి పచ్చన. ఇక్కడ తమిళం పక్కింటి తెలుగును వదిలి సముద్రం అవతలి ఇంగ్లీషుతో చేయి కలిపింది. తెలుగు మాత్రం కొండల వైపు చూసింది. నగరి కొండలను రైలు కిటికీలోంచి చూసినవాళ్ళకు ఆ నునుపు ఏమిటో తెలుసు. దగ్గరికి పోతే అంతా రాళ్ళూ ముళ్ళపొదలూ.

కాలిన పిల్లి సంగతి ఇంకొకటి. తమిళంలో "సూడు కండ పూనై" పొయ్యి దగ్గరికి పోదంటారు. ఫ్రెంచిలో వేడినీళ్ళు మీద పడిన పిల్లి చన్నీళ్ళకు కూడా భయపడుతుంది. ఇంగ్లీషులో పిల్లి పోయి, చేయి కాలిన చిన్నపిల్లవాడు వచ్చాడు.

తెలుగు, తమిళ సామెతలకు ఇంకొక పోలిక ఉంది. అది ఇంగ్లీషువాడికీ ఫ్రెంచివాడికీ దొరకదు. "తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట." ఈ చివరి "అట" చూడండి. తమిళంలో అదే పని "ఆమ్" చేస్తుంది, "ఎన్ఱాళామ్" అని. నేను చూడలేదు, పెద్దలు చెప్పగా విన్నాను అని ఒక్క అక్షరంలో చెప్పేస్తాం. ఇంగ్లీషులో దీనికోసం ఒక వాక్యం రాయాలి. అలాగే "అన్నట్టు", "పట్టినట్టు" అని తోక పెట్టి ఎదుటివాడి పనిని సామెతతో ముడివేస్తాం. తమిళంలో దానికి "పోల" ఉంది. సామెతను అనువాదం చేసేవాడు ఈ తోకను వదిలేస్తే, సామెత మిగులుతుంది కాని మాట్లాడే మనిషి మాయమవుతాడు.

ఇక అసలు విషయం. "రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు" అని మన సామెత. రోలుకు ఒక పక్కే దెబ్బ, మద్దెలకు రెండు పక్కలా దెబ్బ అని తమిళం దానికి వివరణ కూడా చెబుతుంది. మన పరిస్థితి ఆ మద్దెలది. ఇక్కడ మాట్లాడితే "మీరు తెలుంగా?" అంటారు. తిరుపతి పోయి మాట్లాడితే "మీది అరవ యాసండీ" అంటారు. అయినా మద్దెల రెండు పక్కలా దెబ్బ తింటేనే కదా మోగుతుంది! 1888లో మన తిరుత్తణిలో తెలుగు ఇంట పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తిరుపతిలో, వేలూరులో, మద్రాసులో చదివి, ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడై, రాష్ట్రపతి అయ్యారు. నాలుగు చోట్ల చదివితే ఉన్న భాష తరిగిపోతుందని భయపడనక్కర్లేదు.

తరిగిపోయేది వాడకపోతే. 2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పదో తరగతిదాకా తమిళం తప్పనిసరి అయింది. మైనారిటీ భాషల పిల్లలకు మినహాయింపు కావాలని కోర్టులకు పోవలసి వచ్చింది. ఆ వాదం ఇక్కడ పెట్టను, దానికి వేరే వేదిక ఉంది. కాని ఒకటి మన చేతిలో ఉంది. బడి అక్షరం నేర్పుతుంది, సామెతను ఏ బడీ నేర్పదు. అది ఇంట్లో కోపం వచ్చినప్పుడు, పెళ్ళి మాటలు తెగిపోయినప్పుడు, అప్పు అడగడానికి బంధువు వచ్చినప్పుడు పెద్దవాళ్ళ నోట వస్తే పిల్లలు పట్టుకునేది. "అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు" అని అనడానికి ఇంట్లో దుత్త లేకపోయినా పరవాలేదు, అనే మనిషి ఉండాలి. ఆ మనుషులు మన ఇళ్ళలో ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్ళు.

కార్ దొర కాలంలో రాయడానికి పరదేశి రావలసి వచ్చింది. ఇప్పుడు మన జేబులో ఫోను ఉంది. కాబట్టి సంఘం సభ్యులకు నా మనవి ఇది. గుమాస్తా బుద్ధి పోదు కదా, రిజిస్టరులో గీసినట్టు అయిదు గడులు చెబుతాను. ఒకటి, సామెత, ఇంట్లో ఎలా అంటారో అలాగే, దిద్దకుండా. రెండు, ఏ సందర్భంలో అన్నారు. మూడు, ఎవరితో అన్నారు, కోపంగానా, ఎగతాళిగానా, జాలిగానా. నాలుగు, దానికి జత అయిన తమిళ సామెత. అయిదు, అందులో పిల్లలకు తెలియని మాట ఉంటే దాని అర్థం. తెలుగు అక్షరాలు రాకపోతే తమిళ అక్షరాల్లో రాయండి, లేదా పెద్దవాళ్ళ గొంతునే రికార్డు చేయండి. తెలుగులో రాసే పని నేను చూసుకుంటాను.

రెండో గడి, మూడో గడి వదలకండి. అర్థం పుస్తకంలో దొరుకుతుంది. గొంతులో ఉన్నది పిల్లా కప్పా అన్నది ఆ మాట అన్న మనిషి దగ్గరే దొరుకుతుంది. వచ్చే ఆదివారంలోపు ఇంటికొక్క సామెత పంపినా, మన గ్రూపులో ఉన్న ఇళ్ళ లెక్కన చిన్న పుస్తకానికి సరిపోతుంది. పల్లెల్లో ఉన్న అవ్వలను, తాతలను ఈ వారమే ఒకసారి పలకరించండి.